జూన్ నెలలో కట్టిన వేషం

నేను ఒక ఎద్దును. పూర్తి ఎద్దునని గొప్పలు చెప్పుకోను. కొయ్య తలకాయ, రెండు కొమ్ములు, నడుం చుట్టూ బద్దల చట్రం, దాని మీంచి నేలదాకా వేలాడే గోనెగుడ్డ, ఇంతే నా ఒళ్లు. కాళ్లు నావి కావు, నాలో దూరిన మనిషివి. ఆ మనిషి గంతేస్తే నేనూ గంతేస్తాను. అతను అలిసిపోయి గోడవారన కూలబడితే నేనూ కూలబడతాను. మీ వైపు దసరాకి పులివేషం కడతారు కదా, ఆ పులికి నన్ను దూరపు చుట్టం అనుకోండి. ఇప్పుడైతే ఒక మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. బడిపిల్లలు వచ్చి గాజు మీద ముక్కులు ఆనించి చూసి వెళ్తారు. ఒక్కడూ జడుసుకోడు. అదొక్కటే నాకు చిన్నతనంగా ఉంటుంది.

నేను పుట్టింది గయానాలో. దక్షిణ అమెరికా ఒడ్డున ఉన్నా ఆటపాటల్లో ఆ దేశానికి కరీబియన్ దీవులతోనే చుట్టరికం. ఊరి పేరు లిటిల్ మెర్సీ, అంటే చిన్నపాటి దయ. ఒకప్పుడు చెరుకుతోటల దొరలు బానిసల వీపులు చీరేస్తూ, ఆ తోటలకే దయ అనీ ఆశ అనీ పేర్లు పెట్టుకున్నారు. మనుషులకు పేర్లు పెట్టడం బాగా చేతనవును.

క్రిస్మస్ వస్తే ఆ ఊళ్లో మాస్కరేడ్ మేళం బయల్దేరేది. ముందు పిల్లనగ్రోవి, వెనక చిన్న డప్పు, దాని వెనక బూమ్ అని పిలిచే పెద్ద డప్పు. వాటి నడుమ వేషాలు. కొయ్యకాళ్ల మీద ఇంటి చూరంత ఎత్తున నడిచేవాడొకడు. కొండంత రొమ్ములూ, బండరాయంత పిరుదులూ గుడ్డలతో కుక్కి, ముఖానికి నవ్వే తొడుగు పెట్టుకుని తిప్పుకుంటూ వచ్చే మదర్ సాలీ. ఆ వేషం కట్టేది కొబ్బరికాయలమ్మే లయనెల్, ఊళ్లో అందరికంటే సిగ్గరి. వీళ్లందరి వెనక నేను, పిచ్చెద్దును. జనం మీదికి కొమ్ములు విసరడం నా పని, కేకలు పెట్టి పారిపోవడం వాళ్ల పని. పారిపోయినవాళ్లే మళ్లీ వెనక్కి వచ్చి నిలబడేవారు.

నన్ను చేసినవాడు ఎగ్బర్ట్. తోట కాలవలో చెరుకు మోసే ఇనుప పడవల మీద పనిచేసేవాడు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల మునిమనవడు. పెద్ద చేతులు, చిన్న గొంతు. నాకు కొమ్ములిచ్చింది అప్పలమ్మ. ఆవిడ తాత విజయనగరం వైపు నుంచి చెరుకు నరకడానికి ఓడెక్కి వచ్చాడట. తెలుగులో ఆవిడకు వచ్చినవి పాతిక మాటలు, మారెమ్మ గుడిలో పాడే రెండు పాటలు. ఆ పాటలకు అర్థం ఆవిడకీ తెలీదు, గుళ్లో ఇంకెవరికీ తెలీదు. అయినా కళ్లనీళ్లు పెట్టుకుని పాడేవారు. వాళ్లు మాట్లాడుకున్నదంతా ఆ దేశపు కలగలుపు ఇంగ్లీషు. మీకు నేను తెలుగులో చెబుతున్నాను.

అప్పలమ్మకు రాజీ అని ఒక పాడి ఆవు ఉండేది. ఒక వానాకాలం గట్టు జారి రాజీ కాలవ బురదలో మెడదాకా దిగబడింది. చుట్టూ జనం చేరి సలహాలిచ్చారు. ఎగ్బర్ట్ మాత్రం తాడు పట్టుకుని బురదలోకి దూకాడు. పొద్దున్న దిగినవాడు మధ్యాహ్నానికి ఆవుతో సహా గట్టెక్కాడు. ఆవు మర్నాటిదాకా బతికి, అప్పలమ్మ ఒళ్లో తలపెట్టి పోయింది. నెల తిరిగాక ఆవిడ పసుపు రాసిన కొమ్ములు రెండు గుడ్డలో చుట్టి తెచ్చింది.

"ఎగ్బర్టూ, రేకు కొమ్ములతో గంతులేస్తున్నావని విన్నాను. ఇవి పెట్టుకో."

"అమ్మా, మీవాళ్లు తప్పంటారేమో. ఇది తాగి తిరిగేవాళ్ల ఆట."

"బురదలోకి దిగినప్పుడు నువ్వు తాగి ఉన్నావా?"

"లేదమ్మా."

"మరింకేం?"

అలా ఆవు కొమ్ములతో నేను ఎద్దునయ్యాను. ఈ తేడా ఇన్నేళ్లలో ఒక్కరూ పట్టించుకోలేదు. నేనూ చెప్పలేదు.

ఆరేడు క్రిస్మస్‌లు ఆనందంగా ఆడాం. ఆ తర్వాత చెడ్డ ఏడాది ఒకటి వచ్చింది. రాజకీయాలు ముదిరి, ఆఫ్రికా వాళ్ల పిల్లలకూ ఇండియా వాళ్ల పిల్లలకూ మధ్య నిప్పు రాజుకుంది. ఎవరు ముందు రాయి విసిరారని అడిగితే ప్రతివాడూ రెండోవాడిని చూపించాడు. ఆఫ్రికా వాళ్లు ఎక్కువున్న ఊళ్లో ఇండియా వాళ్ల ఇళ్లు, ఇండియా వాళ్లు ఎక్కువున్న ఊళ్లో ఆఫ్రికా వాళ్ల ఇళ్లు తగలబడ్డాయి. లిటిల్ మెర్సీలో ఉన్న ఏడు ఇండియా కుటుంబాల్లో ఆరు సామాన్లు బళ్లకెత్తుకుని వెళ్లిపోయాయి. అప్పలమ్మ కదల్లేదు. కొడుకు నర్సిములు నాలుగు మైళ్ల అవతల ఫార్‌వ్యూ అనే ఊళ్లో బియ్యం మిల్లులో పనిచేస్తున్నాడు. అతని భార్య పురిట్లోనే పోయింది. ఆరేళ్ల కూతురు మీనాచ్చి నానమ్మ దగ్గరే పెరుగుతోంది.

"ఈ మట్టిలో పుట్టాను. నన్నెవరు ఏం చేస్తారు?" అనేది అప్పలమ్మ.

జూన్ నెలలో ఒక పొద్దున్న ఆవిడ గుమ్మానికి బొగ్గుతో గీసిన ఇంటూ గుర్తు కనబడింది. గుర్తు పెట్టిన ఇళ్లు ఏమయ్యాయో అందరికీ తెలుసు. దారి చూస్తే ఒక్కటే. ఫార్‌వ్యూ వెళ్లాలంటే కాలవ మీద వంతెన దాటాలి. వంతెన మీద పదిమంది కుర్రాళ్లు కత్తులూ కర్రలూ పట్టుకుని కూర్చున్నారు. ముందురోజే ఒక ఇండియా ముసలాయన బండిని కాలవలోకి తోసి, ఆయన చెయ్యి విరిచి పంపారు.

ఎగ్బర్ట్ ఆవిడనూ పిల్లనూ వెనకదారిన తన ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాడే గాని తర్వాతేం చెయ్యాలో తోచలేదు. గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతని భార్య లూసిల్ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. మేళంలో వేషాలన్నీ కుట్టేది ఆవిడే. లేచి అటక మీంచి మదర్ సాలీ గౌను దించింది.

"ఇందులో ఎవరున్నారో వాళ్లమ్మకు కూడా తెలీదు," అంది.

ఎగ్బర్ట్ గౌను వైపు చూశాడు, అప్పలమ్మ వైపు చూశాడు. తర్వాత పైకి, దూలానికి వేలాడుతున్న నా వైపు చూశాడు.

"పిల్లేమో ఎద్దులో," అన్నాడు.

పిల్లనగ్రోవి వాయించే హోరేస్ మేళానికి పెద్ద. కబురందగానే వచ్చి, విని, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"జూన్‌లో మాస్కరేడ్ ఏమిట్రా? మతి ఉండే మాట్లాడుతున్నావా? వంతెన మీదున్నది మన పిల్లలే. వాళ్లకు తెలిస్తే ముందు మన ఇళ్లే తగలెడతారు."

"తెలిస్తే కదా, అంకుల్."

"తెలీకపోవడానికి వాళ్లేమన్నా గుడ్డివాళ్లా?"

"మీరు రాకపోతే నేను ఈల వేసుకుంటూ వెళ్తాను," అన్నాడు ఎగ్బర్ట్. హోరేస్‌కు ఎగ్బర్ట్ ఈల ఎలా ఉంటుందో తెలుసు. కాసేపు తిట్టుకుని, పిల్లనగ్రోవి కోసం ఇంటికి వెళ్లాడు. లయనెల్‌నూ డప్పుల వాళ్లిద్దరినీ కూడా అతనే పిలుచుకొచ్చాడు. లయనెల్ తన వేషం ఇంకొకరికి ఇవ్వాల్సి వచ్చినందుకు నిజంగా నొచ్చుకున్నాడు. అయినా రొమ్ములు ఎలా కట్టుకుంటే జారవో అప్పలమ్మకు ఓపిగ్గా చెప్పి, తను మాత్రం బయట కనబడకుండా ఆ ఇంట్లోనే ఆగిపోయాడు. ఆవిడ చేతులకు లూసిల్ మేజోళ్లు, కాళ్లకు లయనెల్ బూట్లు, ముఖానికి నవ్వే తొడుగు.

"దేవుడా, నా మొగుడు చూస్తే ఏమనేవాడో," అంది తొడుగులోంచి.

"పెళ్లి మళ్లీ చేసుకునేవాడు," అంది లూసిల్. ఆ రోజు ఆ ఇంట్లో నవ్వు వినబడింది ఆ ఒక్కసారే.

ఎగ్బర్ట్ నన్ను భుజాలకెత్తుకున్నాడు. మీనాచ్చి అతని మెడకు చేతులు వేసి, నడుం చుట్టూ కాళ్లు బిగించి, కోతిపిల్లలా కరుచుకుంది. నా గోనె వాళ్లిద్దరినీ కప్పేసింది. అంతవరకు నేను మోసింది ఒక్క గుండెనే. ఆ రోజు నాలో రెండు కొట్టుకుంటున్నాయి. పెద్దది దడదడలాడుతోంది. చిన్నది మాత్రం తిరణాలకు బయల్దేరినట్టు కులాసాగా ఉంది.

పొద్దున్న పదిగంటల వేళ, వాన వెలిసిన బురద వీధిలో మేళం బయల్దేరింది. జనం కిటికీలు తెరిచి చూశారు. భయంతో బిగుసుకుపోయి ఉన్న ఊరు అది. డప్పు వినగానే ఒక ముసలావిడ గుమ్మంలో నిలబడి ఏడ్చేసింది, ఎందుకో ఆవిడకే తెలియలేదు. పిల్లలు వెంటపడ్డారు. వంతెన దగ్గరకు వచ్చేసరికి మా వెనక ముప్ఫైమంది దాకా ఉన్నారు.

ఎర్రటోపీ పెట్టుకున్న కుర్రాడొకడు అడ్డంగా నిలబడ్డాడు.

"హోరేస్ తాతా, క్యాలెండర్ చూడలేదా?"

"ఫార్‌వ్యూ దాటాక చర్చి ఉంది. అక్కడ పాదిరీగారి వర్ధంతికి రమ్మన్నారు," అన్నాడు హోరేస్. వర్ధంతికి మాస్కరేడ్ ఎవరూ పిలవరు. హోరేస్‌కు అబద్ధాలు రావు.

టోపీవాడు మదర్ సాలీ చుట్టూ ఒకసారి తిరిగాడు. "లయనెల్ ఇవాళ పొట్టిగా ఉన్నాడేం?"

"బూట్లు మార్చాడు," అన్నాడు హోరేస్.

"అయితే ఆడమను. ఊరికే పోనిస్తామా?"

బూమ్ డప్పు మోగింది. అప్పలమ్మ కదల్లేదు. మదర్ సాలీ నడక ఆవిడకు రాదు. నాలుగైదు దెబ్బలు పడ్డాయి. ఎగ్బర్ట్ ఊపిరి ఆగిపోవడం నా బద్దలకు తెలిసింది. అప్పుడు డప్పులవాడికి ఏం తోచిందో, దరువు మార్చాడు. మారెమ్మ గుడి ఉత్సవాలకు తప్పెటల మోత ఏటా ఊరంతా వినేది. ఆ మోతకు దగ్గరగా కొట్టాడు.

అప్పలమ్మ తల ఒక్కసారి వెనక్కి వాలింది. తర్వాత ఆవిడ ఆడింది. అమ్మవారు పూనినప్పుడు ఆడేలాగే ఆడింది. గుడ్డల రొమ్ములు ఒకవైపు, పిరుదులు ఒకవైపు ఎగిరిపడుతుంటే, బురద చిమ్ముతుంటే, నవ్వే తొడుగు ఆకాశంలోకి చూస్తుంటే ఆడింది. వెనకున్న జనం విరగబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. కుర్రాళ్లు కర్రలు నేలకు తాటిస్తూ తాళం వేశారు. నవ్వుతున్న అందరికీ అది వేషం. ఆవిడకు ప్రార్థన. నాకు తెలుసు, నాలో ఉన్నవాడికి తెలుసు.

ఇక నేనూ ఆడక తప్పలేదు. ఎగ్బర్ట్ కొమ్ములు వంచి కుర్రాళ్ల మీదికి ఒక్క దూకు దూకాడు. వాళ్లు అరుస్తూ చెదిరారు. అప్పుడు నా కడుపులోంచి కిలకిలమని నవ్వు వచ్చింది. మీనాచ్చికి సరదా ఆగలేదు.

హోరేస్ పిల్లనగ్రోవి గూబలదిరేలా ఊదాడు. కాని నాకు దగ్గరగా నిలబడ్డ ఒకడు విననే విన్నాడు. పేరు ఆబ్రీ, పందొమ్మిదేళ్లవాడు. ముందురోజు ముసలాయన బండిని కాలవలోకి తోసిన చేతుల్లో వాడివీ ఉన్నాయి. చేతిలోని చెరుకు కత్తి మొనతో నా గోనె అంచు పట్టి, వంగి, మెల్లగా పైకెత్తాడు.

మీనాచ్చి కిందికి చూసింది. కత్తి పట్టుకున్న మనిషి ముఖం తలకిందులుగా కనబడింది. దాగుడుమూతల్లో దొరికిపోయినట్టు నవ్వి, పెదాల మీద వేలు పెట్టింది. చెప్పకు అని.

ఎంతసేపో నాకు తెలీదు. మనుషులు దాన్ని క్షణం అంటారు.

"ఏముందిరా?" అని అరిచాడు టోపీవాడు.

ఆబ్రీ గోనె దించేశాడు. "ఏముంటుంది, ఎగ్బర్ట్ చెమట కంపు. పోనీండి," అన్నాడు.

వెంటపడ్డ జనం వంతెన దగ్గరే ఆగిపోయారు. వంతెన దాటాక అరమైలు దాకా హోరేస్ ఊదడం ఆపలేదు. ఫార్‌వ్యూ మొదట్లో నర్సిములు ఎదురొచ్చాడు. ఎద్దు కడుపులోంచి కూతురు దిగడం, మదర్ సాలీ తొడుగు తీస్తే తల్లి ముఖం ఉండడం చూసి రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. అప్పలమ్మ నా మెడ పట్టుకుని, నా చెవి దగ్గర ఏదో అంది. ఆవిడకు వచ్చిన పాతిక తెలుగు మాటల్లో ఒకటి. "తల్లీ" అంది. నేను ఎవరి కొమ్ములతో తిరుగుతున్నానో మరిచిపోనిది ఆవిడ ఒక్కతే.

మర్నాటికి ఆవిడ ఇల్లు బూడిద. వారంలో సంగతి పొక్కింది. మేళం బూమ్ డప్పు తోలు ఎవరో నిలువునా చీరేశారు. లూసిల్ దగ్గర గౌన్లు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఆ క్రిస్మస్‌కీ మరుసటి క్రిస్మస్‌కీ లిటిల్ మెర్సీలో మేళాన్ని ఎవరూ పిలవలేదు. నేను దూలానికి వేలాడుతూ బూజు పట్టాను.

"చేసినందుకు బాధగా ఉందా?" అని లూసిల్ ఒకసారి అడిగింది.

"గంతెయ్యక మోకాళ్లు పట్టేశాయి. అంతే," అన్నాడు ఎగ్బర్ట్. అతనంత సులువుగా నిద్రపోయే మనిషిని నేను చూడలేదు.

మూడో ఏడు, నవంబరు మధ్యాహ్నం ఆబ్రీ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. చంకలో కొత్త మేకతోలు చుట్ట ఉంది.

"డప్పుకి," అన్నాడు.

"చీరింది నువ్వేనా?"

"కాదు. కాని చీరినవాళ్లతో ఉన్నాను." తోలు చుట్ట ముందుకు చాచాడు. "ఆ పిల్ల నన్ను చూసి భయపడలేదు, ఎగ్బర్ట్ మామా. ఆ రోజుల్లో మా అమ్మ కూడా నన్ను చూసి భయపడింది. నాకన్నం పెట్టి వంటింట్లోకి తప్పుకునేది. ఆ పిల్ల నవ్వింది."

ఎగ్బర్ట్ మేకతోలు తీసుకుని, నిమిరి చూసి, "దీన్ని నానబెట్టాలి. లోపలికి రా, బక్కెట్టు పట్టుకో," అన్నాడు.

ఆ క్రిస్మస్‌కు మేళం ఫార్‌వ్యూ వెళ్లింది. బూమ్ డప్పు ఆబ్రీ మెడలో ఉంది. గొడవలు చల్లారి ఏడాదిన్నర అయినా ఆ వీధిలో మమ్మల్ని చూడగానే తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. ఖాళీ వీధిలో ఎద్దు గంతులేస్తే ఎంత వెర్రిగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. చివరి ఇంటి గేటు దగ్గర నర్సిములు నిలబడి ఉన్నాడు. ఎగ్బర్ట్‌ను చూసి ముఖం విప్పారింది. అంతలో డప్పు కొట్టేవాడు కళ్లబడ్డాడు.

"ఎగ్బర్ట్ అన్నా, మీరు నా నెత్తిన కాలు పెట్టినా నాకు సమ్మతమే. వీడు మాత్రం వద్దు. వంతెన మీద కత్తి పట్టుకుని కూర్చున్నవాడు వీడు. అక్కడ చెయ్యి విరిగిన ముసలాయన మా వీధివాడే."

ఆబ్రీ డప్పు తీసి నేల మీద పెట్టాడు. "నిజమే," అన్నాడు. వెనక్కి తిరిగాడు.

"ఆగు," అంది అప్పలమ్మ వరండాలోంచి. ముసలితనం మీద పడింది. మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చింది. "నర్సిములూ, వీడు కత్తితో గోనె ఎత్తి చూశాడు. అది నేనూ చూశాను. చూసి దించేశాడు. దించాడు కాబట్టి ఇవాళ నీ కూతురు నీ ఇంట్లో ఉంది." కొడుకు భుజం మీద చెయ్యేసింది. "ముసలాయన సంగతి ఆయనా వీడూ తేల్చుకోవాలి. తీసుకెళ్లి ఆయన ముందు నేనే నిలబెడతాను. ముందు భోజనం. గేటు తీ."

నర్సిములు చాలాసేపు గేటు పట్టుకునే నిలబడ్డాడు. తర్వాత తీశాడు.

వరండాలో వరసగా కూర్చోబెట్టి, పెద్ద పెద్ద తామరాకుల్లో అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర వడ్డించారు. హోరేస్ పిల్లనగ్రోవి పక్కన పెట్టి రెండుసార్లు మారు అడిగాడు. లయనెల్ మదర్ సాలీ రొమ్ములు విప్పి కూర్చుంటే ఆకు ముందు కాస్త చోటు మిగిలింది. ఆబ్రీ మొదటి ముద్ద చేతిలో పట్టుకుని ఎంతకీ నోట్లో పెట్టలేదు. ఎగ్బర్ట్ మోచేత్తో పొడిచాడు. "తిను. చల్లారిపోతుంది."

ఎగ్బర్ట్ నన్ను విప్పి మెట్ల పక్కన ఆనించాడు. తొమ్మిదేళ్ల మీనాచ్చి వడ్డిస్తూ వడ్డిస్తూ నా దగ్గరకొచ్చి, నా ముందు కూడా ఒక ఆకు పరిచింది. అన్నం పెట్టింది, పప్పు పోసింది, ఇంకో గరిటె కూర వేసింది.

"అదెందుకే, పిచ్చిదానా, వృథా!" అన్నాడు వాళ్ల నాన్న.

"ఇది కూడా నడిచొచ్చింది కదా," అంది ఆ పిల్ల.

నన్ను భుజాలకెత్తుకున్నారు, చూసి జడుసుకున్నారు, దూలానికి వేలాడదీశారు. నాకు ఆకు పరిచినవాళ్లు మాత్రం అప్పటిదాకా ఎవరూ లేరు. కాసేపటికి ఆ ఇంటి కుక్క వచ్చి, నా ముఖం ఒకసారి వాసన చూసి, అభ్యంతరం లేదనుకుని ఆకు శుభ్రంగా నాకేసింది. నాకున్నది బద్దల కడుపే. అయినా ఆ రోజు నిండింది.